ఓటు కాదు, ఫైల్లో కాగితం: అమెరికా నేషనల్ ఫారెస్టుల్లో జనం మాటకు విలువెంత?

2025 ఆగస్టు 29న అమెరికా వ్యవసాయ శాఖ ఒక నోటీసు ఇచ్చింది. అడవుల లోపలి ప్రాంతాల్లో కొత్త రోడ్లు వేయకుండా, చాలావరకు చెట్లు కొట్టకుండా 2001 నుంచి అడ్డుగా ఉన్న ‘రోడ్‌లెస్ రూల్’ను ఎత్తేద్దామనుకుంటున్నాం, మీ అభిప్రాయాలు చెప్పండి అన్నది దాని సారాంశం. గడువు సెప్టెంబరు 19. అంటే మూడు వారాలు. ఈ రూల్ తెచ్చేటప్పుడు మాత్రం దేశమంతటా 600 దాకా సభలు పెట్టారు, 16 లక్షల కామెంట్లు వచ్చాయి. ఇప్పుడు దాన్ని తీసేస్తే దాదాపు నాలుగున్నర కోట్ల ఎకరాల మీద ప్రభావం ఉంటుంది.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా రెండు ప్రశ్నలు వినిపిస్తాయి. మనం చెబితే వింటారా? లక్షల మంది వద్దన్నాక కూడా ముందుకెళ్లొచ్చా? రెండో దానికి జవాబు సులువు: వెళ్లొచ్చు. అధికారులు జనం మాట వినాలి, పట్టించుకోవాలి అనే దాకానే చట్టం. ఒప్పుకుని తీరాలని ఎక్కడా లేదు. మొదటి ప్రశ్నే కాస్త చిక్కుగా ఉంటుంది. ఏ దశలో చెప్పారు, ఏం చెప్పారు, ఆ ప్రాజెక్టు ఏ రకం అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

ఇవి పార్కులు కావు

యోసెమిటీ, ఎల్లోస్టోన్ నేషనల్ పార్కులు. అవి ఇంటీరియర్ శాఖ (కేంద్ర ప్రభుత్వ భూములు, పార్కులు చూసే శాఖ) కిందికి వస్తాయి. నేషనల్ ఫారెస్టులు వేరు. ఇవి 154. గడ్డిభూములతో కలిపి 19.3 కోట్ల ఎకరాలు, అంటే మన రెండు తెలుగు రాష్ట్రాలను కలిపినా దానికి రెండున్నర రెట్లకు పైమాటే. 1905 నుంచి వీటిని ఫారెస్ట్ సర్వీస్ చూస్తోంది. అది వ్యవసాయ శాఖలో భాగం. అడవులు వ్యవసాయ శాఖ కింద ఏమిటని మనకు వింతగా అనిపిస్తుంది గానీ, కలపను కూడా ఒక పంటగా చూసిన కాలంలో చేసిన ఏర్పాటది.

1960 నాటి చట్టం ప్రకారం ఈ అడవులు కలపకు, పశువుల మేతకు, నీటికి, వన్యప్రాణులకు, జనం విహారానికి, అన్నిటికీ పనికిరావాలి. ఇవి చాలవన్నట్టు గనులు కూడా ఉంటాయి. సియాటెల్ తెలుగువాళ్లు వీకెండ్‌లో ఎక్కే కొండలు చాలావరకు మౌంట్ బేకర్-స్నోక్వాల్మీ నేషనల్ ఫారెస్టులోవి. ఫీనిక్స్ వాళ్లకు టోంటో, అట్లాంటా వాళ్లకు చట్టహూచీ దగ్గర. అదే అడవిలో ఒక పక్క కలప కాంట్రాక్టు, ఇంకో పక్క కరెంటు లైను, మరో పక్క స్కీ రిసార్టు నడుస్తుంటాయి. ఒకే భూమి మీద ఇన్ని హక్కులు పెట్టాక గొడవలు రాకుండా ఎలా ఉంటాయి?

మూడు రకాల ప్రాజెక్టులు, మూడు రకాల గుమ్మాలు

జనం మాటకు చోటిచ్చిన ముఖ్యమైన చట్టం ‘నేషనల్ ఎన్విరాన్‌మెంటల్ పాలసీ యాక్ట్’. అందరూ నీపా అంటారు. 1970 జనవరి 1న అధ్యక్షుడు నిక్సన్ దీనిపై సంతకం చేశారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఏదైనా పర్యావరణంపై ప్రభావం చూపే పని చేసేముందు ఆ ప్రభావమేమిటో అధ్యయనం చేసి కాగితం మీద పెట్టాలి, అదీ అందరికీ కనబడేలా.

ఎంత లోతుగా అధ్యయనం చేయాలి అన్నది పనిని బట్టి ఉంటుంది. క్యాంప్‌గ్రౌండ్‌లో టాయిలెట్ మార్చడం, పాత ట్రెయిల్ బాగుచేయడం లాంటి వాటికి ‘కేటగారికల్ ఎక్స్‌క్లూజన్’ ఉంది. ఈ తరహా పనులతో పెద్ద ప్రభావం ఉండదని ముందే తేల్చేసి పెట్టిన జాబితా అది. ప్రభావం పెద్దదో కాదో తెలియనప్పుడు ‘ఎన్విరాన్‌మెంటల్ అసెస్‌మెంట్’, ఈఏ, రాస్తారు. పెద్దదేనని తెలిసినప్పుడు ‘ఎన్విరాన్‌మెంటల్ ఇంపాక్ట్ స్టేట్‌మెంట్’, ఈఐఎస్. వార్తల్లో కనబడేవన్నీ ఈఐఎస్‌లే కాబట్టి అన్నీ అలాగే జరుగుతాయనుకుంటాం. నిజానికి 2005 నుంచి 2018 దాకా ఫారెస్ట్ సర్వీస్ తీసుకున్న దాదాపు 34 వేల నిర్ణయాల్లో 80 శాతానికి పైగా మొదటి రకమే. ఈఐఎస్ దాకా వెళ్లినవి రెండు శాతం లోపే. కోర్టుకెక్కినవి నూటికి ఒకటి కూడా లేవు.

జాబితాలో టాయిలెట్లే ఉంటే ఎవరికీ బాధ లేదు. కానీ వేల ఎకరాల్లో చెట్లు పల్చబరిచే పనులను కూడా కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా ఇందులో చేరుస్తూ వచ్చింది. నిర్ణయానికి ముందు జనం అభ్యంతరం చెప్పే దశ ఈ రకానికి ఉండదు. అందుకే ఇప్పుడు తగువంతా ఈఐఎస్‌లో ఏం రాశారన్నదానికంటే ఏ పనిని ఏ రకంలో వేశారన్నదాని మీదే నడుస్తోంది.

స్కోపింగ్ నుంచి అభ్యంతరం దాకా

మామూలుగా నడిచే వరుస ఇది. మొదట స్కోపింగ్. ఫలానా చోట ఫలానా పని అనుకుంటున్నాం, ఇందులో మేం ఏమేం చూడాలి అని ఫారెస్ట్ సర్వీస్ అడుగుతుంది. ప్రాజెక్టు ఇంకా మెత్తగా ఉన్న దశ ఇదే. రోడ్డు ఇటు కాక అటు వేయండంటే పెద్ద ఖర్చు లేకుండా మార్చగలరు. జనం మాత్రం ఈ దశలో చాలా తక్కువగా కనబడతారు. గోల మొదలయ్యేది డ్రాఫ్టు బయటికి వచ్చాకే.

తర్వాత కామెంట్ల గడువు. అభ్యంతరాల నిబంధనలు వర్తించే ప్రాజెక్టుల్లో ఈఏకి 30 రోజులు, డ్రాఫ్ట్ ఈఐఎస్‌కి కనీసం 45 రోజులు అన్నది ఏళ్లుగా ఉన్న లెక్క. ఈఏ గడియారం ఎక్కడ మొదలవుతుందో చూడండి: ప్రతి అడవికీ ఒక ‘రికార్డు పత్రిక’ ఉంటుంది, తరచూ ఆ చుట్టుపక్కల కౌంటీల్లో తిరిగే చిన్న పేపరు. అందులో లీగల్ నోటీసు పడిన మర్నాటి నుంచి రోజులు లెక్క. అమ్మకాల ప్రకటనల పక్కన నాలుగు అంగుళాల నోటీసు వేసినా చట్టప్రకారం దేశానికంతటికీ చెప్పినట్టే. ఇప్పుడు ఇంటర్నెట్‌లో పెడుతున్నారు, మూడు నెలలకోసారి ప్రతిపాదనల జాబితా కూడా ఇస్తున్నారు. అయినా గడువు తేదీ తేల్చేది ఆ పేపరే.

కామెంట్లన్నీ చూశాక నిర్ణయం ముసాయిదా బయటపెడతారు. అప్పుడు అభ్యంతరాల దశ. ఎక్కువ ప్రాజెక్టులకు 45 రోజులు, అగ్నిప్రమాదం తగ్గించే చట్టం కింద చేసే వాటికి 30. అభ్యంతరాన్ని ప్రాజెక్టు ప్రతిపాదించిన అధికారి కాకుండా పై అధికారి చూస్తారు. 2013కి ముందు ఈ క్రమం తలకిందులుగా ఉండేది. నిర్ణయం అయిపోయాక అప్పీలు చేసుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు నిర్ణయానికి ముందే. ఈ మార్పు మంచిదనే నా అభిప్రాయం. సంతకం పెట్టేసిన అధికారి చేత తప్పు ఒప్పించడం కంటే పెట్టబోయే అధికారి చేత మార్పించడమే సులువు.

ఇక్కడే చాలామంది జారిపడతారు. అంతకుముందు గడువులోపల, ఈ ప్రాజెక్టు గురించే, రాతపూర్వకంగా కామెంట్ పెట్టినవాళ్లకే అభ్యంతరం చెప్పే అర్హత ఉంటుంది. అదీ అప్పుడు లేవనెత్తిన విషయం మీదే, కొత్త సమాచారం తర్వాత బయటపడితే తప్ప. అభ్యంతరం దశ దాటకుండా నేరుగా కోర్టుకు వెళ్తే కేసు నిలబడడం కష్టం. మొదటి నెలలో రాయని మాటకు రెండేళ్ల తర్వాత జడ్జి ముందు చోటు దొరకదన్నమాట.

రెండు కామెంట్లు పక్కపక్కన పెడితే

ఒక ఊహా ప్రాజెక్టు తీసుకుందాం. వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక లోయ. మంటల భయం తగ్గించడానికి 3,000 ఎకరాల్లో చిన్న చెట్లు తీసేసి, పొదలు కాల్చి, అందుకోసం నాలుగు మైళ్ల తాత్కాలిక రోడ్డు వేస్తామని ఈఏ వచ్చింది.

మొదటి కామెంట్: “అడవిని నాశనం చేయకండి. మా పిల్లలకు ఈ చెట్లు కావాలి.” ఇదే మాట ఒక సంస్థ తయారుచేసి ఇచ్చిన ఉత్తరంగా 20 వేల మంది పంపారనుకుందాం. ఫారెస్ట్ సర్వీస్ ఏం చేస్తుంది? ఒకే వాదన ఎన్నిసార్లు వచ్చినా ఒక్క వాదనగా కట్టగట్టి, “చెట్ల తొలగింపుపై వ్యతిరేకత గమనించాం” అని ఒక జవాబు రాస్తుంది. 20 వేలు అన్న సంఖ్య పేపర్లో హెడ్డింగ్ అవుతుంది, రాజకీయ నాయకుడికి టెన్షన్ పెడుతుంది. అది కూడా బలమే, కాదనను. కానీ ఫైల్లో దాని బరువు ఒక్క కాగితం.

రెండో కామెంట్ ఒక్కరే రాశారు: “మీ మ్యాపులో రోడ్డు వాగును దాటుతున్న చోట ఏటా చేపలు గుడ్లు పెడతాయి. ఒండ్రు దిగితే గుడ్లు చచ్చిపోతాయి. మీ రిపోర్టులో ఈ వాగు పేరే లేదు. పడమటి గట్టు మీద పాత కలప రోడ్డు ఉంది, దాన్ని వాడితే దాటాల్సిన పనే లేదు.” దీన్ని ‘గమనించాం’ అని దాటేయడం కుదరదు. వాగును అధ్యయనం చేయాలి, లేదంటే ఎందుకు అక్కర్లేదో కారణం రాయాలి. పాత రోడ్డు ఎందుకు పనికిరాదో చెప్పాలి. జవాబు లేకుండా సంతకం పెడితే రేపు కోర్టులో ఆ ఖాళీయే మొదట కనబడుతుంది.

అందువల్లే ‘ఎక్కడ’ అన్న ప్రశ్న మీద పెద్ద గొడవలు నడుస్తాయి. అలాస్కాలోని టోంగాస్ నేషనల్ ఫారెస్టులో, ప్రిన్స్ ఆఫ్ వేల్స్ దీవి మీద, ఏ తరహా చెట్లు కొడతామో చెప్పి, కచ్చితంగా ఏ చోట కొడతామో తర్వాత తేలుస్తామన్న ప్రణాళిక ఒకటి వచ్చింది. చోటు తెలియకుండా ప్రభావం ఎలా అంచనా వేస్తారంటూ 2020లో ఫెడరల్ కోర్టు దాన్ని తప్పుపట్టింది. చోటు చెప్పకపోతే వాగు గురించి చెప్పేవాడు కూడా ఉండడు కదా.

మెథౌ లోయ కేసు: జవాబు చెబితే చాలు

మరి జవాబు రాశాక అధికారి తనకు తోచింది చేయొచ్చా? దీనికి సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా ఒక నేషనల్ ఫారెస్టు గొడవలోంచే పుట్టింది.

వాషింగ్టన్ రాష్ట్రం ఉత్తరాన, ఒకనోగన్ నేషనల్ ఫారెస్టులో శాండీ బ్యూట్ అనే కొండ ఉంది. 1980ల్లో అక్కడ ఒక కంపెనీ స్కీ రిసార్టు కడతానంది. 16 లిఫ్టులతో ఒకేసారి 8,200 మంది స్కీ చేసేంత పెద్దది. కింద మెథౌ లోయ. ఆ రాష్ట్రంలోకెల్లా పెద్దదైన వలస జింకల మందకు చలికాలంలో ఆ లోయే ఆధారం. డ్రాఫ్టు మీద రాష్ట్ర వన్యప్రాణి శాఖ గట్టిగా కామెంట్ పెట్టింది: ఈ ప్రాంతంలో 30 వేలకు పైగా జింకలున్నాయి, రిసార్టు వల్ల, దాని చుట్టూ పుట్టుకొచ్చే ఇళ్ల వల్ల మంద సగానికంటే ఎక్కువ తగ్గిపోవచ్చు. ఫారెస్ట్ సర్వీస్ లెక్క మాత్రం 15 శాతం. రెండు ప్రభుత్వ శాఖలే, లెక్కల్లో మాత్రం ఇంత తేడా.

పర్మిట్ ఇవ్వాలనే ఫారెస్ట్ సర్వీస్ నిర్ణయించింది. స్థానికులు కోర్టుకెళ్లారు. అప్పీలు కోర్టు వాళ్ల వైపు నిలిచింది: నష్టం తగ్గించే పూర్తి ప్రణాళిక లేకుండా, అన్నిటికంటే ఘోరమైన పరిస్థితి ఎలా ఉంటుందో అధ్యయనం చేయకుండా ఎలా ఇస్తారని అడిగింది. 1989లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ తీర్పును కొట్టేసింది. తెలియక తీసుకునే నిర్ణయాన్నే నీపా అడ్డుకుంటుంది, తెలిసి తీసుకున్న చెడ్డ నిర్ణయాన్ని కాదు అన్నది దాని సారం. జింకల సంగతి చూశారు, రాశారు, ఆ పైన వాళ్లిష్టం. అంతే.

చదివినప్పుడు ఉసూరుమనిపించే తీర్పే. అయితే ఆ స్కీ రిసార్టు చివరికి రానేలేదు. కోర్టులో గెలవడం వేరు, ఏళ్ల తరబడి డబ్బూ అనుమతులూ ఓపికా నిలుపుకోవడం వేరు. ఆ ఏళ్లలో సగం తినేది ఈ ప్రక్రియే. కొందరి దృష్టిలో దీని అసలు బలం అది, ఇంకొందరి దృష్టిలో అసలు జబ్బు అదే.

ఆలస్యమా, జాగ్రత్తా?

ఆలస్యం గురించి చెప్పేవాళ్ల వాదన తీసిపారేసేది కాదు. వైట్‌హౌస్ పర్యావరణ మండలి లెక్క ప్రకారం 2010 నుంచి 2018 దాకా కేంద్ర సంస్థల ఈఐఎస్‌లకు సగటున నాలుగున్నరేళ్లు పట్టింది, సగటు నిడివి 600 పేజీలు దాటింది. నూరేళ్లుగా ప్రతి మంటనూ ఆర్పేయడంతో పడమటి అడవుల్లో ఎండుకట్టె పేరుకుపోయింది. 2018లో కాలిఫోర్నియాలో ప్యారడైజ్ ఊరు కాలిపోయినప్పుడు 85 మంది చనిపోయారు. అడవి అంచున ఇల్లున్నవాడికి కామెంట్ల గడువు ఇంకో నెల పొడిగించామంటే ఎలా ఉంటుంది? కలప మిల్లులు మూతపడిన ఊళ్ల కోపం కూడా ఇలాంటిదే. మా పక్క అడవి గురించి వెయ్యి మైళ్ల అవతల నగరంలో కూర్చున్నవాళ్లు రాసేదేమిటని వాళ్లడుగుతారు.

అవతలివాళ్ల జవాబు: ఈ భూమి పక్క ఊరివాళ్లది ఒక్కటే కాదు, దేశానిది. కేసులయ్యేది నూటికి ఒకటి లోపే అయినప్పుడు ఆలస్యమంతా జనం నెత్తిన వేయడం న్యాయం కాదు. ఆఫీసుల్లో సిబ్బంది లేకపోవడం, బడ్జెట్ మంటలార్పడానికే సరిపోవడం కూడా కారణాలే. దానికి తోడు, కేసు వేస్తారన్న భయం వల్లే మిగతా 99 నిర్ణయాలూ కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుని రాస్తారని కూడా అంటారు. అదే భయం వల్ల పది పేజీల్లో అయ్యేది వంద పేజీలవుతోందని ఇటువాళ్లు తిప్పికొడతారు. నాకు ఇద్దరి మాటా నిజమే అనిపిస్తుంది. భయం జాగ్రత్తనూ పెంచుతుంది, పేజీలనూ పెంచుతుంది.

2025లో గుమ్మం ఎంత ఇరుకైంది

మార్పు 2023లోనే మొదలైంది. ఆ ఏడాది కాంగ్రెస్ నీపాను సవరించి ఈఏకి 75 పేజీలు, ఏడాది; ఈఐఎస్‌కి మామూలుగా 150 పేజీలు, రెండేళ్లు అని హద్దులు పెట్టింది. 2025లో వేగం పెరిగింది. 1978 నుంచి అన్ని శాఖలకూ ఆధారంగా ఉన్న వైట్‌హౌస్ పర్యావరణ మండలి నిబంధనలను రద్దు చేశారు. మే నెలలో యూటా రైల్వే లైను కేసులో సుప్రీంకోర్టు 8-0 తీర్పుతో, ఏది ఎంత లోతుగా అధ్యయనం చేయాలన్నది సంస్థల నిర్ణయానికే వదిలేయమని కింది కోర్టులకు చెప్పింది. జూలైలో వ్యవసాయ శాఖ తన కొత్త నిబంధనలు తెచ్చింది. నీపా కింద జనాన్ని అడగడం వాటిలో చాలాచోట్ల తప్పనిసరి నుంచి ‘అవసరమనిపిస్తే’ స్థాయికి దిగింది.

వీటికంటే తక్కువ చర్చ జరిగింది ఏప్రిల్ ఉత్తర్వు గురించి. మంటలు, పురుగులు, తెగుళ్ల ముప్పు ఉందంటూ వ్యవసాయ మంత్రి 11 కోట్ల ఎకరాలకు పైగా, అంటే నేషనల్ ఫారెస్టు భూముల్లో 59 శాతాన్ని ‘అత్యవసర పరిస్థితి’ కిందికి తెచ్చారు. 2021 నాటి చట్టం ప్రకారం ఆ పేరుతో చేసే పనులకు అభ్యంతరాల దశ వర్తించదు. పైన చెప్పిన 45 రోజులు ఆ పనులకు సున్నా అవుతాయి. కాగితం మీద హక్కు అలాగే ఉంది, అది వర్తించే నేల తగ్గిందంతే.

ముందే రాసిపెట్టిన నిర్ణయం

కొన్నిసార్లు గుమ్మం తెరిచే ఉంటుంది, లోపల తేల్చడానికేమీ మిగలదు. ఫీనిక్స్‌కు తూర్పున టోంటో నేషనల్ ఫారెస్టులో ఓక్ ఫ్లాట్ ఉంది. అపాచీ ఆదివాసీలకు పవిత్ర స్థలం. దాని కింద భారీ రాగి నిక్షేపం ఉంది. రియో టింటో, బీహెచ్‌పీ అనే గనుల సంస్థలు కలిసి పెట్టిన కంపెనీ ఇక్కడ తవ్వితే కాలక్రమంలో పైన నేల కుంగి దాదాపు 1.8 మైళ్ల వెడల్పున గొయ్యి పడుతుందని ఫారెస్ట్ సర్వీస్ అధ్యయనమే చెప్పింది. కానీ 2014 డిసెంబరులో రక్షణ బడ్జెట్ బిల్లులో కలిపి కాంగ్రెస్ ఒక సెక్షన్ పెట్టింది: తుది ఈఐఎస్ వచ్చిన 60 రోజుల్లోపు 2,422 ఎకరాలు కంపెనీకి ఇచ్చేయాలని. ఇక కామెంట్లు వేలల్లో వచ్చినా అధికారి ‘వద్దు’ అనలేడు. ఆలస్యం చేయగలడు, లోపాలు రాయగలడు.

2021 జనవరిలో వచ్చిన ఈఐఎస్‌ను మార్చిలో వెనక్కి తీసుకున్నారు, 2025 జూన్‌లో మళ్లీ ఇచ్చారు. ఆగస్టులో బదిలీకి ఒక్క రోజు ముందు అప్పీలు కోర్టు తాత్కాలికంగా ఆపింది. పక్కనున్న సుపీరియర్ అనే గనుల ఊళ్లో ఉద్యోగాల కోసం గనిని కోరుకునేవాళ్లూ ఉన్నారు. కామెంట్లలో వాళ్ల మాటా ఉంది.

మన దగ్గర పరిస్థితి వేరు. ఒడిశాలోని నియంగిరిలో 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో 12 గ్రామసభలు పెడితే పన్నెండూ బాక్సైట్ గనిని వద్దన్నాయి, గని ఆగిపోయింది. అటవీ హక్కుల చట్టం కింద అది సమ్మతి అడగడం. అమెరికా ప్రక్రియలో సమ్మతి అన్న మాటే లేదు. మన మామూలు ప్రజాభిప్రాయ సేకరణ, షామియానా వేసి కలెక్టరు కూర్చునే ఆ సభ, కామెంట్ల పద్ధతికే దగ్గర: ఎంతమంది వద్దన్నా అది మినిట్స్‌లోకి ఎక్కుతుంది, అంతే.

వీసా మీద ఉన్నవాళ్లు రాయొచ్చా?

అభ్యంతరాల నిబంధనల్లో పౌరసత్వం షరతు లేదు. గడువులోపు నిర్దిష్టంగా రాసిన వ్యక్తి అయితే చాలు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు, చదువుకుంటున్న పిల్లలు కూడా కామెంట్ పెట్టొచ్చు. అయితే కామెంటుతో పాటు ఇచ్చిన పేరు, చిరునామా పబ్లిక్ రికార్డులో భాగమవుతాయి, ఎవరైనా చూడొచ్చు. ఈ రోజుల్లో వీసా మీద ఉన్నవాళ్లకు అది కాస్త ఆలోచించుకోవాల్సిన విషయమే. పేరు లేకుండా పంపినా ఫారెస్ట్ సర్వీస్ తీసుకుంటుంది, చదువుతుంది. కానీ పేరు లేని కామెంటుతో తర్వాత అభ్యంతరం చెప్పే అర్హత రాదు.